నల్ల షేల్‌లో మాలిబ్డినం తక్కువ వస్తే ఆక్సిజన్ ఉన్నట్టేనా?

తాడిపత్రి నల్ల షేల్‌లో (బురద గట్టిపడి ఏర్పడ్డ పొరల రాయి) మాలిబ్డినం అనే లోహం 2 పీపీఎమ్మే (పది లక్షల భాగాల్లో రెండే) వచ్చింది, తొలి జంతువుల కాలపు సముద్రంలో ఆక్సిజన్ ఉన్నట్టేనా అని అడిగావు కదా తమ్ముడూ. అప్పుడే తేల్చేయొద్దు. అసలు ఆ షేల్ దాదాపు 190 కోట్ల ఏళ్లది, జంతువుల తొలి ఆనవాళ్లేమో 57 కోట్ల ఏళ్ల నాటివి!

పైగా, ఆక్సిజన్ లేని అడుగు బురదలో మాలిబ్డినం పేరుకుంటుంది కాబట్టి తక్కువ వస్తే ఆక్సిజన్ ఉందనిపిస్తుంది గానీ, లోకంలోని సముద్రాల్లో ఎక్కువ భాగం ఆక్సిజన్ లేకుండా ఉన్నా, నీటిలోనే మాలిబ్డినం కరువై రాయిలో తగ్గుతుంది. అందుకే ముందు ఇనుము పరీక్ష చేయించు. మొత్తం ఇనుములో చురుకైన ఇనుము (తేలిగ్గా రసాయన చర్యకు దిగేది) వాటా 0.38 దాటితే అడుగు నీటిలో ఆక్సిజన్ లేనట్టే. ఆ చురుకైన ఇనుములో 0.7–0.8 కంటే ఎక్కువ పైరైటే (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అయితే నీటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉన్నట్టు. అప్పుడే మాలిబ్డినం అంకెను మొత్తం సముద్రానికి అన్వయించొచ్చు.

రోడ్డు పక్క ఎండావానలకు నానిన రాయి మాత్రం వద్దు. పగలగొట్టి చూడు, అంచున తుప్పు రంగు ఉంటే పైరైట్ పోయినట్టే. బోరు కోర్ (బోరు వేసి లోపలి నుంచి తీసిన రాతి కడ్డీ) దొరికితే మేలు.