స్టెరాయిడ్ ఎనీమా పేగులో ఎంతసేపు నిలుస్తుంది?

పెద్దపేగు వాపు తగ్గడానికి మలద్వారం గుండా ఎక్కించుకునే మందు ద్రవమే స్టెరాయిడ్ ఎనీమా. రాత్రి పెట్టుకున్నది తెల్లారేదాకా పనిచేస్తుందా, లేక పేగులోని బ్యాక్టీరియా మందును తినేస్తుందా అన్నది ప్రశ్న. తినేస్తుంది. ఎంత త్వరగా అన్నది మాత్రం మందును బట్టి.

ఈ స్టెరాయిడ్లలో హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ త్వరగా చెడేవి. క్లోస్ట్రిడియం సిండెన్స్ లాంటి బ్యాక్టీరియా వాటి అణువుకు పక్కనున్న గొలుసును తెంపేస్తుంది. మిగిలేది పురుష హార్మోన్ల జాతి పదార్థం, అది వాపును తగ్గించదు. బ్యుడెసొనైడ్ అనే ఇంకో స్టెరాయిడ్‌కి ఆ గొలుసు పక్కనే అదనంగా ఒక కట్టు ఉంటుంది. మలంతో కలిపి చేసిన ల్యాబ్ పరీక్షల్లో ప్రెడ్నిసొలోన్ కంటే అదే ఎక్కువసేపు నిలిచింది. పైగా లివర్‌కి చేరిన బ్యుడెసొనైడ్‌లో 90 శాతం దాకా అక్కడే విరిగిపోతుంది. హైడ్రోకార్టిసోన్ అలా కాదు, వేసిన దాంట్లో సగం దాకా రక్తంలో కలవొచ్చు. అందుకే వారాల తరబడి వాడాక ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

బ్యాక్టీరియా మలంలోనే గుంపుగా ఉంటుంది. కాబట్టి మోషన్‌కి వెళ్ళొచ్చాకే మందు పెట్టుకోవాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: పేగు నిండా మలం ఉంటే మందు గోడకి తగలదు, తగలకుండానే చెడుతుంది, పైగా వెంటనే బయటికొచ్చేస్తుంది.

సీసాను గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు ఉంచండి, చల్లటి ద్రవానికి పేగు పట్టేసి తోసేస్తుంది. బాగా కుదిపి, ఎడమవైపు పడుకుని, కుడి మోకాలు ముందుకు మడిచి, నెమ్మదిగా నొక్కండి. తర్వాత అరగంట అలాగే ఉండండి. 60 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఉండే ఎనీమాకి కనీసం గంట, వీలైతే రాత్రంతా అంటారు. గంట తర్వాత మందు బయటికి పోయిందని బెంగపడి అదే రాత్రి ఇంకో సీసా వాడకండి.

మాత్ర, ద్రవం విడివిడిగా వచ్చే బ్యుడెసొనైడ్ ఎనీమాని ముందే కలిపి పెట్టుకోవద్దు. నీళ్ళలో అది నిలవదు, కలిపిన వెంటనే వాడేయాలి.

ఎనీమా లోపల నిలవనివాళ్ళకి ఫోమ్ (నురగ రూపంలో ఎక్కించే మందు) నయం, కారడం తక్కువ. కాకపోతే అది ఎనీమా అంత పైకి పోదు. వాపు ఎడమ పెద్దపేగు పైదాకా ఉంటే ఫోమ్ చాలదు, కొలనోస్కోపీ రిపోర్టులో ఎంతవరకు పాకిందో చూసి మీ గ్యాస్ట్రో డాక్టరుని అడగండి.