హ్యాండిల్ లాగాలా వద్దా అనేది నేల మీదే తేల్చుకో

చిన్నోడా,

బీదర్‌లో హాక్ శిక్షణ జెట్ నేర్చుకుంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. తక్కువ ఎత్తులో ఎగిరే లో లెవెల్ సార్టీలు మొదలయ్యేలోపే నీకు అందాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

హ్యాండిల్ లాగితే పైలట్‌ని విమానం నుంచి బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు గురించే చెబుతున్నా. నీది జీరో-జీరో సీటు, అంటే ఎత్తూ వేగమూ సున్నా అయినా, రన్‌వే మీద ఆగి ఉన్నా కాపాడుతుంది. అది విని కుర్రాళ్లకి ధీమా వచ్చేస్తుంది. కానీ ఆ లెక్క విమానం కిందికి జారనప్పటిది. నిమిషానికి 6,000 అడుగులు దిగుతున్నావంటే సెకనుకి వంద అడుగులు. ‘ఇంకో రెండు సెకన్లు చూద్దాం’ అనుకుంటే 200 అడుగులు పోయినట్టే. పైగా నీ నెత్తి ఎటుంటే సీటు అటే ఎగురుతుంది. కంట్రోల్ ఉంటే ముందు రెక్కలు సమం చేసి లాగు. లేకపోతే అదీ చూడకు.

మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటుంది. మిగ్-21లో తక్కువ ఎత్తులో పోతుంటే ఇంజిన్‌లోకి పక్షి దూరింది. నేర్పినట్టే ముక్కెత్తి, ఉన్న వేగాన్ని ఎత్తుగా మార్చుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. సంపాదించిన ఆ ఎత్తంతా రీలైట్ ప్రయత్నాలకే, అంటే ఆగిన ఇంజిన్‌ని మళ్లీ రగిలించడానికే తగలేశాను. ఒకసారి, మళ్లీ ఇంకోసారి. చస్తానని కాదురా భయం, ఎంక్వయిరీలో ఏమంటారోనని! చివరికి తల వంచి హ్యాండిల్ చూసుకుంటూ లాగాను. పారాచూట్ విచ్చుకుందో లేదో, కాళ్లు నేలకి తగిలాయి. వెన్నుపూస నలిగి మూడు నెలలు మంచం మీదే. నువ్వు మాత్రం తల వెనక్కి ఆనించి, వీపు నిటారుగా పెట్టి లాగు. వానాకాలం వస్తే మీ పెద్దమ్మ ఇప్పటికీ నా నడుముకి కాపడం పెడుతుంది.

ఇంజిన్, కంట్రోల్స్ రెండూ మాట వింటూ, తప్పు నీ చేతిదే అయితే సరిదిద్దుకో. ఒక్క ప్రయత్నం, అదీ ఎత్తుంటేనే. ఎంత ఎత్తు అనేది మీ స్క్వాడ్రన్ చెప్పిన అంకె, నాది కాదు. బ్రీఫింగ్‌లో దాన్ని పైకి చెప్పుకో. దాని కిందికి వచ్చాక ఆలోచనే లేదు.

ఆ అంకె నేల నుంచా, సముద్రమట్టం నుంచా అన్నదీ చూసుకో. 2003లో అమెరికాలోని ఐడహోలో, వాళ్ల వైమానిక దళం విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్ పైలట్ ఒకడు అక్కడే దెబ్బతిన్నాడు. ఆ ఎయిర్‌ఫీల్డ్ వాళ్ల సొంత బేస్ కన్నా దాదాపు వెయ్యి అడుగులు ఎత్తులో ఉంది. సముద్రమట్టం నుంచి ఎత్తుని సొంత బేస్ లెక్కతోనే చూసుకున్నాడు. దాంతో నేల నుంచి 2,500 అడుగుల ఎత్తులో చేయాల్సిన స్ప్లిట్-ఎస్‌ని (తలకిందులై కిందికి అర్ధవృత్తం తిరిగే విన్యాసం) 1,670 దగ్గరే మొదలుపెట్టాడు. ఎఫ్-16 నేలని తాకడానికి 0.8 సెకను ముందు బయటపడ్డాడు. అయినా జనం ఉన్న వైపు నుంచి ముక్కు తిప్పే లాగాడు. బీదరూ 2,000 అడుగుల పైనే ఉంది, గుర్తుంచుకో.

మార్టిన్-బేకర్ సీటుతో బతికి బయటపడ్డవాళ్లకి ఆ కంపెనీ వాళ్లు ఒక టై ఇస్తారు. నాది రష్యా సీటు కాబట్టి నాకు రాలేదు. నీకు ఆ టై అవసరం రాకూడదు. వస్తే మాత్రం కట్టుకుని ఇంటికి రా, మీ పెద్దమ్మ తిట్లు నేను కాచుకుంటాను.

మీ పెదనాన్న