గేరు బాక్సు విప్పే ముందు క్లచ్‌ను పరీక్షించండి

రెండు నెలల క్రితం కొన్న పాత ఆరు టైర్ల లారీ, లోడుతో వెళ్తున్నప్పుడు నాలుగు, ఐదు గేర్లలో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను శబ్దం పెరుగుతోంది గానీ వేగం పెరగడం లేదనీ, గేరు బాక్సు పోయిందని మెకానిక్ అంటున్నారనీ మీరు రాశారు. సరిగ్గా ఇదే లక్షణం ఉన్న పాత లారీకి ఐదు నెలల్లో రెండుసార్లు ఒకే పని చేయించుకున్నవాణ్ణి కాబట్టి, గేరు బాక్సు విప్పడానికి మీరు ఒప్పుకోకముందే ఈ జవాబు చేరాలని కోరుకుంటున్నాను.

గేరు బాక్సులో పళ్లు పళ్లను పట్టుకుని తిరుగుతాయి కనుక అవి చప్పుడు లేకుండా జారలేవు. అక్కడ లోపం ఉంటే గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి వచ్చేస్తుంది, లేదా గరగరమనే శబ్దం వస్తుంది. అది కూడా చాలావరకు ఏదో ఒక గేరులోనే కనిపిస్తుంది. గేరు బాక్సు నుంచి వెనుక చక్రాల వైపు తిప్పుడును తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (దాని కీళ్లు) అరిగితే బండి కదిలేటప్పుడు టక్కుమని దెబ్బ వినిపిస్తుంది. డీజిల్ ఫిల్టరు మూసుకుపోయో, టర్బో గొట్టం చిరిగిపోయో ఇంజను బలం తగ్గితే బండి వేగంతో పాటు ఆర్పీఎం ముల్లు (ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపేది) కూడా పడిపోతుంది. ముల్లు పైకి లేస్తూ ఉండి, స్పీడోమీటరు మాత్రం అక్కడే నిలిచిపోయిందంటే ముందుగా అనుమానించవలసింది, ఇంజను తిప్పుడును గేరు బాక్సుకు అందించే క్లచ్‌నే. పెద్ద గేర్లలో ఇది ముందుగా బయటపడటానికి కారణం ఉంది: చక్రాల దగ్గర అంతే లాగుడు కావాలంటే, చిన్న గేరులో కంటే పెద్ద గేరులో క్లచ్ ప్లేటు మీద ఎక్కువ భారం పడుతుంది.

నిర్ధారించుకోవడానికి ఖాళీ బండిని చదునైన చోట, ముందూ వెనుకా మనుషులు లేకుండా నిలిపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, టాప్ గేరులో పెట్టి, ఇంజనును కొద్దిగా రేజ్ చేసి క్లచ్‌ను నిదానంగా వదలండి. క్లచ్ బాగుంటే ఇంజను వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, ఎందుకంటే జారిన ప్రతిసారీ ప్లేటు, అది ఆనుకునే ఫ్లైవీల్ (ఇంజను వెనుక ఉండే బరువైన చక్రం) రెండూ కాలుతాయి.

అయితే జారుతోందని తేలగానే ప్లేటు మార్చేయడం నేను చేసిన పొరపాటు. బేతంచెర్ల నుంచి బండల లోడుతో ఒంగోలు వెళ్తూ, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల ఘాట్ ఎక్కుతుండగా నా బండి మొదటిసారి జారింది. క్యాబిన్ నిండా కాలిన వాసన వచ్చింది. ఒక షెడ్డులో కొత్త ప్లేటు వేయించాను. ఐదు నెలలు తిరక్కుండానే మళ్లీ అదే జారుడు మొదలైంది. రెండోసారి విప్పినప్పుడు ప్లేటు ఇంకా మందంగానే ఉంది, కానీ దాని మీద నల్లని ఆయిల్ పేరుకుని ఉంది. క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్ కారుతోందని మొదటిసారి ఎవరూ చూడలేదు, చూడమని నేనూ అడగలేదు. ఆ సీల్ ఖరీదు ప్లేటు ఖరీదులో చాలా చిన్న భాగం.

అందువల్ల విప్పక ముందే బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) అడుగున తడి ఉందేమో వేలితో తుడిచి చూడండి. నల్లగా, పలుచగా ఉంటే అది ఇంజను ఆయిల్. చిక్కగా, ఘాటైన గంధకం వాసనతో ఉంటే గేరు ఆయిల్, అంటే గేరు బాక్సు ముందు సీల్ పోయింది. తడి లేకపోతే పెడల్ ఫ్రీ ప్లే (క్లచ్ విడిపోవడం మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) చూడండి, ఎందుకంటే ప్లే బొత్తిగా లేని బండిలో పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు, ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెజర్ ప్లేటును ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది, దాంతో మంచి ప్లేటు కూడా జారుతుంది. ప్లే ఎంత ఉండాలో బండిని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో చూసి సరిచేయించండి. హైడ్రాలిక్ క్లచ్ (ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది) అయితే, జారుతున్న సమయంలోనే బండిని ఆపి బ్లీడర్ నట్టు (ఫ్లూయిడ్‌ను బయటికి వదిలేది) కొద్దిగా వదులు చేయించండి. ఒత్తిడితో ఫ్లూయిడ్ చిమ్మి, తరువాత క్లచ్ మళ్లీ పట్టుకుంటే లోపం ప్లేటులో లేదు, ఫ్లూయిడ్‌ను వెనక్కి రానివ్వని మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్‌కు అందించేది) వైపు ఉంది.

చివరికి గేరు బాక్సు దించక తప్పకపోతే ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, రెండు ఆయిల్ సీళ్లు ఒకేసారి మార్పించండి. దించే కూలి ఎలాగూ ఒకటే. ఫ్లైవీల్ ముఖం మీద నీలిమచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో మీరే దగ్గరుండి చూడండి. మచ్చలుంటే లేత్ మీద పట్టించవచ్చు, లోతైన పగుళ్లుంటే మార్చవలసిందే. ఈ పని పూర్తయ్యేదాకా దయచేసి లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కవద్దు. ఎక్కేటప్పుడు బండి మధ్యలో నిలిచిపోవచ్చు. దిగేటప్పుడు ఇంజను పట్టు మీద పూర్తిగా ఆధారపడలేక భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.