పర్యావరణ సమాచార విభాగం పెట్టాలంటే ముందు ఒక రిజిస్టరు కొనండి

"మా ఊరి లైబ్రరీలో పర్యావరణ విభాగం పెట్టి, జనం అడిగినవాటికి సమాచారం ఇవ్వాలనుకుంటున్నాం. ఏ పుస్తకాలతో మొదలుపెట్టాలి?" అని అడిగారు. ఒక స్వచ్ఛంద సంస్థ లైబ్రరీలో ఆరేళ్లు ఈ పనే చేశాను. పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు లావుపాటి రిజిస్టరు ఒకటి కొనండి.

వచ్చినవాళ్లు అడిగేది ఒకటి, వాళ్లకు కావలసింది ఇంకొకటి. ఒకాయన "పొల్యూషన్ మీద పుస్తకం ఉందా?" అన్నారు. కూర్చోబెట్టి మాట్లాడితే, ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తోందనీ, ప్రజాభిప్రాయ సేకరణ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉందనీ చెప్పారు. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం ఆ సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముసాయిదా నివేదికను, స్థానిక భాషలో దాని సారాంశాన్ని కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనం చూసేలా ఉంచాలి. అభ్యంతరాలు రాసి కూడా పంపవచ్చు. ఇదంతా ఒక కాగితం మీద రాసిస్తే ఆయన ఆ మధ్యాహ్నమే కలెక్టరేట్‌కు వెళ్లారు. ఆ రోజు నుంచి రిజిస్టరులో "ఏం అడిగారు" పక్కన "ఎందుకు", "ఎప్పటిలోగా" అని రెండు గడులు గీశాను. ఫోన్ నంబరుకు ఇంకొకటి.

ఆ నంబరే నన్ను ఒక పెద్ద తప్పు నుంచి బయటపడేసింది. మూడు నెలల బిడ్డను ఎత్తుకుని ఒకమ్మాయి బోరు నీళ్ల రిపోర్టు తెచ్చింది. లీటరుకు 70 మిల్లీగ్రాముల నైట్రేట్. ఫైల్లో ఉన్న ఐఎస్ 10500 (తాగునీటి నాణ్యతకు మన దేశ ప్రమాణం) జిరాక్సు చూసి, వేరే దిక్కు లేకపోతే 100 వరకు పరవాలేదని చెప్పాను. అది 1991 ప్రతి. 2012 సవరణలో పరిమితి 45, దానికి సడలింపు లేదు. ఆరు నెలల లోపు పిల్లలకు ఆ నీళ్లతో పాలపొడి కలిపి పడితే రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. మరిగించినా నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా పెరుగుతుంది. తప్పు తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేశాను. బిడ్డకు తల్లి పాలే పడుతున్నారని విన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు. అందుకే ప్రతి ఫైలు అట్ట మీద సంవత్సరం పెద్దగా రాయండి. పాత ప్రతులను వేరే బీరువాలో పెట్టండి.

మీ దగ్గర లేని సమాచారానికి సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. మన దగ్గర గ్రామస్థాయి ఆఫీసులకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.

పుస్తకాల మాటకొస్తే, మీ జిల్లా భూగర్భజలాల నివేదికలు, తెలుగులో చట్టాలు, స్థానిక పేపర్ కటింగులు. మొదటి ఏడాదికి ఇవి చాలు.

సెలవు ఏ రోజైనా పెట్టుకోండి, సంత రోజు మాత్రం తెరిచే ఉంచండి. పల్లెల నుంచి జనం టౌనుకు వచ్చేది ఆ రోజే.