లాయర్ లేకుండా వినియోగదారుల కేసు వేయొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నెల్లూరులో 38 వేలకు కొన్న ఫ్రిజ్ నెలకే ఆగిపోయింది. లాయర్ లేకుండా కేసు వేయగలనా? కోర్టు భాష నాకు రాదు.

వేయొచ్చు. అదీ బెంగళూరులోనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

భాష గురించి టెన్షన్ వద్దు. 'హియరిన్‌బిఫోర్' (ఇంతకుముందు చెప్పిన) లాంటి కోర్టు ఇంగ్లిష్ మాటలు పెడితే కేసు బలపడదు, చదివేవాళ్లకు చిరాకు తప్ప. మామూలు ఇంగ్లిష్‌లో రాయండి: ఫలానా తేదీన కొన్నాను, ఫలానా రోజున ఆగిపోయింది, మూడుసార్లు ఫోన్ చేశాను, డబ్బు వాపసు ఇప్పించండి. ఒక్కో పేరాకి ఒక్కో సంగతి, పక్కన నంబరు. బిల్లు, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు జత చేయండి.

అఫిడవిట్ అంటే రాసిందంతా నిజమేనని ప్రమాణం చేసి సంతకం పెట్టిన కాగితం, అంతే. జవాబివ్వడానికి కంపెనీకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. 'ఎక్స్ పార్టే' అన్నారంటే, వాళ్లు రాకపోయినా విచారణ సాగుతుందని అర్థం.

మధ్యలో ఎక్కడైనా చిక్కుకుంటే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మహిళలకైతే ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సాయం ఉంది.