ఆవు పాలు బాగానే ఇస్తోంది, రెండు మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా చూడి నిలవడం లేదు. ఎందుకు?

చాలాసార్లు కారణం సూది వేయించిన రోజున కాదు, ఈనిన మొదటి మూడు వారాల్లో ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 1,900 పాడి ఆవుల ఒంటి పుష్టికి 1 నుంచి 5 వరకు మార్కులు వేశారు. ఈనినప్పుడు ఒకసారి, 21 రోజులకు మరోసారి. ఆ తర్వాత ఎద కోసం కాచుకోకుండా, హార్మోన్ ఇంజెక్షన్లతో అండం విడుదలయ్యే సమయం కుదిర్చి కృత్రిమ గర్భధారణ చేశారు. ఆ మూడు వారాల్లో చిక్కిపోయిన ఆవుల్లో చూడి కట్టినవి 25 శాతం. అలాగే ఉన్నవాటిలో 38. ఒళ్లు చేసినవాటిలో ఏకంగా 84! (మన కొట్టంలోనూ ఇంత తేడా వస్తుందని ఆశపడొద్దు, అవి పెద్ద ఫారాలు.)

ఈనగానే పాలు గబగబా పెరుగుతాయి, మేత మాత్రం అంత ఎక్కదు. ఆ లోటును ఆవు ఒంట్లో కొవ్వు కరిగించుకుని పూడ్చుకుంటుంది. రెండు నెలల తర్వాత విడుదలయ్యే అండం ఆ రోజుల్లోనే పెరగడం మొదలవుతుంది కాబట్టి దెబ్బతింటుందని ఒక వాదన.

ఆవు వెనక నిలబడి తోక మొదట్లో చెయ్యి పెట్టి చూడండి. గుంట లోతుగా పడి, తుంటి ఎముకలు పొడుచుకొస్తుంటే చిక్కినట్టే. అలాగని ఈనేముందు మరీ కొవ్వెక్కించకండి, ఈనాక ఎక్కువ చిక్కేవి అవే.