కలల విందుకు ఎవరిని పిలుద్దాం?

గత సంచికలో సరదాగా ఒక ప్రశ్న వేశాం. కాలం, దూరం, భాష ఏవీ అడ్డు కాదనుకుంటే, బతికున్నవాళ్లనైనా పోయినవాళ్లనైనా ఒక్క రాత్రి భోజనానికి రప్పించగలిగితే ఎవరెవరిని పిలుస్తారు అని. జాబితాలు కట్టలు కట్టలుగా వచ్చాయి, వాటి వెనకే సందేహాలూ వచ్చాయి. నిజం చెప్పాలంటే జాబితాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. సందేహాలే బాగున్నాయి, అందుకే ఈసారి చోటంతా వాటికి.

ప్రశ్న: నా జాబితాలో న్యూటన్, ఐన్‌స్టీన్, డా విన్చీ, షేక్‌స్పియర్, క్లియోపాత్రా, అలెగ్జాండర్, నెపోలియన్, మొజార్ట్... మొత్తం పన్నెండు మంది. ఎలా ఉంది?
(ఒక రిటైర్డ్ టీచర్)

జవాబు: మ్యూజియానికైతే భేషుగ్గా ఉంది మాస్టారూ. భోజనానికి మాత్రం సగానికి సగం కొట్టేయండి. మనుషులు తమంతట తాము చేరి కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు ఒక సంభాషణలో ఎంతమంది ఇముడుతారో రాబిన్ డన్‌బర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు గమనించి 1995లో ప్రచురించారు. ఇంచుమించు నలుగురు, అంతే. ఐదో మనిషి వచ్చి చేరితే కాసేపట్లోనే మాట రెండు పాయలుగా చీలిపోతుంది. అంటే పన్నెండు మందిని పిలిచినప్పుడు మీరు ఇస్తున్నది ఒక విందు కాదు, మూడు విందులు, వాటిలో రెండింట్లో ఏం మాట్లాడుకున్నారో మీ చెవిన పడదు. జర్మన్ తత్వవేత్త కాంట్ కాస్త ఉదారంగానే ఉన్నాడు, బల్ల దగ్గర ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మిది మందికి మించకూడదు అన్నాడు. ఏ వరసలో మాట్లాడుకోవాలో కూడా చెప్పాడు లెండి: ముందు లోకం కబుర్లు, తర్వాత వాదన, చివర్లో నవ్వులాట. ఆఖరిది మాత్రం మీ జాబితాతో ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు.

ఇక పెద్ద పేర్ల సంగతి. ఊహలో కాదు, అలాంటి విందు నిజంగానే ఒకటి జరిగింది. 1922 మే 18 రాత్రి, పారిస్‌లో మజెస్టిక్ హోటల్. సిడ్నీ షిఫ్, వయొలెట్ షిఫ్ దంపతులు పిలిస్తే చిత్రకారుడు పికాసో, సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, బాలే సంస్థ నడిపిన దియాగిలెవ్, రచయితలు జేమ్స్ జాయిస్, మార్సెల్ ప్రూస్త్ అందరూ ఒకే గదిలో చేరారు. జాయిస్ ఆలస్యంగా వచ్చాడు, ప్రూస్త్ అర్ధరాత్రి దాటాక ఇంకా ఆలస్యంగా వచ్చాడు. ఆ ఇద్దరు మహానవలాకారులు ఏం మాట్లాడుకున్నారన్నది ఆ తర్వాత తలా ఒక రకంగా చెప్పారు గానీ, ఏ కథనం తీసుకున్నా అందులో సరుకు లేదు. ఒకరి పుస్తకాలు ఒకరు చదవలేదని ఒక కథనం, ఒంట్లో బాగుండటం లేదని వాపోయారని ఇంకో కథనం. ప్రూస్త్ పోయి పోయి స్ట్రావిన్‌స్కీ దగ్గర బీథోవెన్ ప్రస్తావన తెచ్చి ఆయనకు చిరాకు తెప్పించాడట. మేధావులను ఏరి కూర్చోబెడితే మాటలు వాటంతట అవే పుడతాయనుకుంటాం, పుట్టవు. ఎవరెవరు అని కాదు, ఎవరి పక్కన ఎవరు అని ఆలోచించండి. మీ పన్నెండు పేర్లలో ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కునే జతలు ఎన్ని ఉన్నాయో చూడండి. నాకైతే ఒక్కటీ దొరకలేదు.

ప్రశ్న: బద్ధశత్రువులను ఎదురెదురుగా కూర్చోబెడితే? కలనగణితం (కాల్క్యులస్) ఎవరు కనిపెట్టారో న్యూటన్, జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ అక్కడికక్కడే తేల్చుకుంటారు. నేను చూసి ఆనందిస్తాను.

జవాబు: మీరు ఆనందించేలోపు న్యూటన్ లేచి వెళ్లిపోతాడు. ఆయన ఎదురుపడి పోట్లాడే రకం కాదు. ఈ తగాదా తేల్చడానికి 1712లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ఒక కమిటీ వేసింది. ఆ సొసైటీకి అధ్యక్షుడు న్యూటన్, కమిటీ పేరుతో వచ్చిన నివేదిక చాలావరకు రాసింది న్యూటన్, ఆ నివేదిక గురించి తర్వాత పేరు పెట్టకుండా సమీక్ష రాసింది కూడా న్యూటనే! ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, ఇక్కడ ఒక కత్తి ఒరను కూడా తన పేరునే రాయించుకుంది.

వాదన చూడాలని ఉంటే ఐన్‌స్టీన్‌ని, డెన్మార్క్ భౌతిక శాస్త్రవేత్త నీల్స్ బోర్‌ని పిలవండి. 1927లో బ్రసెల్స్‌లో భౌతిక శాస్త్రవేత్తలకు జరిగిన సాల్వే సమావేశంలో వీళ్లిద్దరి వ్యవహారం ఎలా నడిచిందో అక్కడున్నవాళ్లు చెప్పారు. పొద్దున టిఫిన్ దగ్గర ఐన్‌స్టీన్ క్వాంటం సిద్ధాంతాన్ని ఇరుకున పెట్టే ఒక ఊహాప్రయోగం చెప్పేవాడు, బోర్ రోజంతా దాంతో తల బద్దలు కొట్టుకుని రాత్రి భోజనాల వేళకు జవాబు పట్టుకొచ్చేవాడు. మర్నాడు పొద్దున ఇంకో ప్రశ్న. ఏళ్ల తరబడి విభేదించుకున్నారు, ఒకరి మీద ఒకరికి గౌరవం మాత్రం తగ్గలేదు. భోజనాల బల్ల దగ్గర చూడాల్సిన పోట్లాట అంటే అది.

ప్రశ్న: నాకు మంచివాళ్లు వద్దండీ. హిట్లర్‌ని పిలిచి "ఎందుకు చేశావు?" అని ముఖం మీదే అడగాలి. అలా కోరుకోవడం తప్పా?

జవాబు: తప్పేం కాదు, దండగ. భోజనాల దగ్గర ఆ మనిషి ఏం మాట్లాడేవాడో మనం ఊహించుకోనక్కర్లేదు, 1941 నుంచి ఆయన అనుచరుడు మార్టిన్ బోర్మన్ మనుషులను పెట్టి మరీ రాయించాడు. అదంతా గంటల తరబడి సాగే ఒంటి ఉపన్యాసం, ఎదుటివాళ్ల పని తలూపడమే. ఏళ్ల పాటు ఆ బల్ల దగ్గర కూర్చున్న హిట్లర్ ఆర్కిటెక్ట్ ఆల్బర్ట్ స్పీయర్ ఆ పూటలు ఎంత విసుగు పుట్టించేవో తర్వాత రాశాడు. మీ ప్రశ్నకు జవాబు రాదు, ఉపన్యాసం వస్తుంది. దానికి బదులు నాజీల మరణశిబిరం ఆష్‌విట్జ్ నుంచి బతికి బయటపడ్డ ఇటలీ కెమిస్ట్ ప్రీమో లెవీని పిలవండి. "ఎందుకు" అన్న ప్రశ్నతో జీవితాంతం వేగిన మనిషి ఆయన, స్కూలు పిల్లలు అడిగిన వాటికి కూడా ఓపిగ్గా జవాబులిచ్చాడు.

ప్రశ్న: నేను ఫిజిక్స్ చదువుతున్నాను, క్వాంటం శాస్త్రవేత్త డిరాక్ అంటే ప్రాణం. కానీ పిలిస్తే అసలు మాట్లాడతారా అని టెన్షన్‌గా ఉంది.
(ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: మాట్లాడరు తమ్ముడూ. కేంబ్రిడ్జ్‌లో ఆయన తోటివాళ్లు సరదాకి "డిరాక్" అని ఒక కొలమానమే పెట్టుకున్నారు, గంటకి ఒక మాట అని. అయినా ఆయనే నయం. 1798లో భూమి సాంద్రతను లెక్కగట్టిన హెన్రీ కావెండిష్ ఉన్నాడు చూశావూ, రాత్రి భోజనానికి ఏం కావాలో పనిమనిషికి నోటితో చెప్పలేక చీటీ రాసి హాల్లో బల్ల మీద పెట్టేవాడు. తమాషా ఏమిటంటే ఆ మనిషే రాయల్ సొసైటీ సభ్యుల క్లబ్బు భోజనాలకు మాత్రం క్రమం తప్పకుండా వెళ్లేవాడు. అంటే జనం అక్కర్లేక కాదు, జనం తన వైపు చూస్తే తట్టుకోలేక. ఆయనతో ఎలా మాట్లాడాలో తోటి శాస్త్రవేత్త వొలాస్టన్ ఒక చిట్కా చెప్పాడు: అటు చూడకూడదు, గాల్లోకి మాట్లాడుతున్నట్టు ఒక మాట వదలాలి, అదృష్టం బాగుంటే ఆయన అందుకుంటాడు. డిరాక్‌ని నిశ్చింతగా పిలువు. ఎదురుగా కాకుండా పక్కన కూర్చో, ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకో, "మీ గురించి చెప్పండి సార్" అని మాత్రం అడక్కు.

ప్రశ్న: వీళ్లంతా ఏ వయసులో వస్తారు? ఐన్‌స్టీన్ అంటే ఆ తెల్లజుట్టు తాతగారేనా?

జవాబు: ఈ విడతలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. జాబితా రాసిన ఒక్కరూ దీన్ని పట్టించుకోలేదు! పేరు రాస్తే చాలదు, సంవత్సరం కూడా రాయాలి. తెల్లజుట్టు ఐన్‌స్టీన్ అప్పటికే లోకమంతటికీ జవాబులు చెప్పి చెప్పి అలసిపోయిన మనిషి, మీరు అడగబోయేది ఆయన్ని వెయ్యిమంది అడిగే ఉంటారు. అదే 1900ల తొలినాళ్లలో బెర్న్‌లో, పేటెంట్ ఆఫీసులో చిన్న ఉద్యోగం చేసుకునే ఐన్‌స్టీన్‌ని పిలవండి. అప్పట్లో ఆయన, సొలొవీన్, హాబిష్ట్ అనే ఇద్దరు స్నేహితులు కలిసి, తమ ముగ్గురి జట్టుకి వేళాకోళంగా "ఒలింపియా అకాడమీ" అని పేరు పెట్టుకుని, చవగ్గా దొరికింది తింటూ పుస్తకాలు చదువుతూ రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవాళ్లు. ఒకసారి ఆయన పుట్టినరోజని స్నేహితులు ఖరీదైన కేవియర్ (చేప గుడ్లు) తెచ్చి ప్లేట్లో పెట్టారు. ఆయన గెలీలియో జడత్వ సూత్రం గురించి చెప్పుకుంటూ చెప్పుకుంటూ మొత్తం తినేశాడు. తిన్నదేమిటో తెలుసా అని అడిగితే గానీ ఆయనకు తెలియలేదు. ఆ కుర్రాడి పక్కన కూర్చుంటారా, ఫొటోలో తాతగారి పక్కనా?

ఎవరైనా సరే, పేరు రాకముందు, పని మాత్రం మొదలయ్యాక ఉండే ఆ నాలుగైదేళ్లలో పట్టుకోవాలి. అప్పుడు వాళ్ల దగ్గర జవాబులకన్నా ప్రశ్నలు ఎక్కువుంటాయి, మీరు చెప్పేది కూడా వింటారు. ఒక్క షరతు: అతిథికి ఆ తర్వాత ఏం జరిగిందో తెలియకూడదు. లేకపోతే పూటంతా "చివరికి నేనే గెలిచానా?" అన్న చర్చతోనే సరిపోతుంది.

ప్రశ్న: నా జాబితాలో ఒక్క ఆడమనిషీ లేదని మా అమ్మాయి ఎత్తిపొడిచింది. ఇప్పుడు మొక్కుబడిగా ఒకరిద్దరిని చేర్చాలా?

జవాబు: మొక్కుబడిగా అయితే వద్దు, పాపం వాళ్ల పూట ఎందుకు పాడుచేయడం. మీ అమ్మాయి అడిగిన మాటే అమెరికా కళాకారిణి జూడీ షికాగో చాలా పెద్ద ఎత్తున అడిగింది. 1979లో ప్రదర్శించిన ఆమె కళాఖండం ఒక త్రికోణపు భోజనాల బల్ల, వైపుకి 13 చొప్పున 39 మంది స్త్రీలకు ప్లేట్లు, కింద నేల పలకల మీద ఇంకో 999 పేర్లు. ఇప్పుడది బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. మనుషుల కొరత లేదు, మన చెవిన పడకపోవడమే.

నేనైతే మేరీ ఆనింగ్‌ను వదులుకోను. ఇంగ్లండ్ తీరంలో లైమ్ రీజిస్ దగ్గర, చలికాలం తుఫానులకు కొండచరియలు విరిగిపడగానే కుక్కను వెంటబెట్టుకుని వెళ్లి, వాటిలోంచి బయటపడ్డ శిలాజాలను అలలు లాక్కుపోకముందే తవ్వి తీసి, అమ్ముకుని బతికింది. 1833లో అలా విరిగిపడ్డ చరియ కిందే ఆమె కుక్క చనిపోయింది, ఆమె వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆమె తీసిన అస్థిపంజరాల మీద పెద్దమనుషులు పత్రాలు చదివారు, చాలాసార్లు ఆమె పేరైనా చెప్పకుండా. ఆ పత్రాలు చదివిన జియొలాజికల్ సొసైటీలో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. ఆమెను పిలిస్తే దయ కాదు, మీ విందులో రాళ్ల గురించి, సముద్రం గురించి, మనుషుల గురించి కూడా అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆమే అవుతుంది. ఇంకొకరు కావాలంటే ఖగోళ శాస్త్రవేత్త సిసిలియా పేన్. నక్షత్రాల్లో ఉన్నది చాలావరకు హైడ్రోజనే అని 1925లోనే తేల్చింది. అది కుదరదని ఆ రంగంలో పెద్దాయన హెన్రీ నోరిస్ రస్సెల్ అనడంతో, ఆ ఫలితం బహుశా నిజం కాదని తన థీసిస్‌లో తనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత అదే రస్సెల్ అదే మాటకు వచ్చాడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోయినా ఫరవాలేదు.

ప్రశ్న: నాకు మహానుభావులెవరూ వద్దు. నా చిన్నప్పుడే పోయిన మా అమ్మమ్మ వస్తే చాలు.

జవాబు: అలాగైతే ఇంకెవరినీ పిలవకండి అమ్మా. పక్కన ఇంకొకరుంటే ఆవిడ వాళ్లకి మర్యాదలు చేస్తూ కూర్చుంటారు.

ప్రశ్న: రానివాళ్ల కోసం ఈ తంటాలన్నీ ఎందుకు? టైం వేస్ట్ కాదూ?

జవాబు: స్టీఫెన్ హాకింగ్‌కి లేని మొహమాటం మనకెందుకండీ. 2009 జూన్ 28న కేంబ్రిడ్జ్‌లో ఆయన కాలయాత్రికుల కోసం పార్టీ ఇచ్చాడు. బెలూన్లు కట్టించాడు, షాంపేన్ పెట్టించాడు, ఆహ్వానాలు మాత్రం పార్టీ అయిపోయాక బయటపెట్టాడు. నిజంగా భవిష్యత్తు నుంచి రాగలిగినవాళ్లయితే ఆ ఆహ్వానం చూసుకుని వెనక్కి వస్తారు కదా అని. ఎవరూ రాలేదు. కాలంలో వెనక్కి ప్రయాణం కుదరదనడానికి అదొక సాక్ష్యమని నవ్వుతూ చెప్పుకున్నాడు. ఆయన విందు ఫెయిలైనా లాభమే!

ప్రశ్న: అందరికీ వంకలు పెడుతున్నారు, మీ జాబితా ఏదీ?

జవాబు: నలుగురు. ఏడో శతాబ్దంలో చైనా నుంచి బయల్దేరి నలందాలో చదువుకుని 645లో వెనక్కి చేరిన బౌద్ధ సన్యాసి హుయాన్‌త్సాంగ్, ఆయనకి ఎదురుగా 1325లో మొరాకో నుంచి బయల్దేరి ఢిల్లీలో ఖాజీగా పనిచేసి చైనా దాకా పోయిన ఇబన్ బటూటా. ఒకరు ఇటు వస్తే ఒకరు అటు పోయారు, మధ్యలో దాదాపు ఏడు వందల ఏళ్లు. ఒకే ఎడారి గురించి, ఒకే నగరం గురించి ఇద్దరూ చెబుతుంటే వినాలి. బటూటా తన ప్రయాణాలను ఇంటికి చేరాక జ్ఞాపకం మీద చెప్పి రాయించిన మనిషి కాబట్టి కాస్త కోతలు కోస్తాడని అనుమానం, ఎదుటి సన్యాసి ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది.

రెండో జత మేరీ ఆనింగ్, 1836 అక్టోబరులో బీగిల్ ఓడ దిగిన డార్విన్. గడ్డం లేదు, సిద్ధాంతం లేదు, 27 ఏళ్లు, దక్షిణ అమెరికాలో తవ్వి తెచ్చిన అంతరించిన జంతువుల ఎముకలున్నాయి, అవేమిటో పూర్తిగా అర్థం కాలేదు. పావురాలు పెంచేవాళ్లకు కూడా ఉత్తరాలు రాసి వివరాలు రాబట్టే స్వభావం ఆయనది, ఆమె చెబుతుంటే మధ్యలో అడ్డు తగలడు. నలుగురి లెక్క ఏమైంది, మీతో ఐదుగురు కదా అంటారేమో. నేను వడ్డిస్తాను, లెక్కలోకి రాను.

వచ్చే సంచికకు జాబితాలు పంపేవాళ్లు పేరు పక్కన సంవత్సరం, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారో తప్పకుండా రాయండి. వట్టి పేర్లు పంపితే వేయం.